అంచున ఎర్రటి మరక

ఆ బొమ్మ తెరమీద పడగానే గ్వెండ అది తనది కాదనుకుంది.

సముద్రపు గట్టు వెంబడి ఇనుప కమ్మీ. దాని మీద వరసగా కూర్చున్న సీగల్ పక్షులు. వెనక వాన వెలిసిన ఆకాశం. ఈ ఊళ్ళో కెమెరా ఉన్నవాళ్ళెవరైనా తియ్యగలిగిన ఫొటోయే. పక్షులన్నీ కుడివైపుకి మెడలు సాచి ఉన్నాయి. తను తీసినదాంట్లో ఎడమవైపుకి సాచి ఉంటాయి. ఎవరో తనలాంటి వాళ్ళే, పాపం అనుకుంటూ ఒళ్ళో రాలిన బిస్కెట్టు పొడి దులుపుకుంది.

"నిరీక్షణ," అని చదివాడు ఫొటో క్లబ్బు సెక్రటరీ ఎమ్లిన్, ప్రొజెక్టరు పక్కన నిలబడి.

తీసినవాళ్ళ పేరు చెప్పకుండా ఫొటోకి పెట్టిన పేరొక్కటే చదవడం క్లబ్బులో ఆనవాయితీ. జడ్జి పక్క జిల్లా నుంచి వస్తాడు, ఎవరిదేదో ఆయనకి తెలియకూడదు. చాపెల్ వెనక గదిలో మూడు క్లబ్బుల వాళ్ళు తడి కోట్లతోనే ఇరుక్కుని కూర్చున్నారు. కిరసనాయిలు హీటరు వాసన, టీ కాగుతున్న చప్పుడు. జడ్జి లేచి కర్రతో తెర దగ్గరికి వెళ్ళాడు. అంతవరకూ కూర్చునే మాట్లాడినవాడు లేవడంతో గదిలో గుసగుసలు ఆగాయి.

అప్పుడు చూసింది గ్వెండ, చివరి పక్షికి ఒక కాలు లేదు.

ఆ కుంటి పక్షిని ఆమె ఎరుగును. "అదుగోనే మన చాపెల్ డీకన్," అని దానికి పేరు పెట్టింది స్నేహితురాలు బెతన్. "చూడు, చందా డబ్బా ఎంతవరకు వచ్చిందా అని మెడ ఎలా సాచాడో. ఒసే, నన్నెందుకే తీస్తావు, వాణ్ణి తియ్యి." అలా అంటూనే పొట్లంలోంచి ఇంకో చిప్స్ ముక్క తీసి గాల్లోకి ఎగరేసింది. నవ్వు ఆపుకోలేక గ్వెండ కెమెరా వణికింది. అయినా నొక్కేసింది. ఫొటో కడిగి వచ్చినప్పుడు పక్షులు బాగానే పడ్డాయి గానీ, ఎడమ అంచున బెతన్ ఎర్ర వానకోటు చెయ్యి కూడా పడింది. మోచేతి నుంచి వేళ్ళ దాకా, మసగ్గా. ఫిల్ము ముక్కని బిగించిన స్లైడు అట్ట మీద గ్వెండ పెన్సిలుతో "ఇంకా ఉన్నాయా?" అని పేరు రాసింది. ఆ చలికాలం వెళ్ళకుండానే బెతన్ పోయింది.

ఇప్పుడు తెరమీద ఆ చెయ్యి లేదు. అది ఉండవలసిన వైపు బొమ్మ తిన్నగా కోసినట్టు ఆగిపోయి నల్లగా ఉంది.

"ఇన్ని పక్షులు, ఒకటే చూపు," అంటున్నాడు జడ్జి. "దేనికోసం చూస్తున్నాయి? ఈయన మనకి చెప్పడు. ఇంకొకరైతే ఆ చూసేదేదో కూడా ఇందులో ఇరికించి పాడుచేసుకునేవాళ్ళు. ఎక్కడ ఆపాలో తెలియడమే ఫొటోగ్రఫీ. దీన్ని పక్కన పెట్టండి."

పక్కన పెట్టమన్నాడంటే చివర్లో మళ్ళీ చూస్తాడని అర్థం. గ్వెండ స్లైడుని ఎవరూ ఎప్పుడూ పక్కన పెట్టమనలేదు. బెతన్‌దీ అంతే. వాళ్ళిద్దరూ వెనక వరసలో కూర్చుని, ఫొటోల్లో తల తెగిన గొర్రెల్నీ ఒరిగిపోయిన చర్చి గోపురాల్నీ జడ్జీలు ఎంత మర్యాదగా తిడతారో వింటూ ఒకరి మోచేతిని ఒకరు గిల్లుకునేవాళ్ళు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

చివర్లో దానికి ఇరవైకి ఇరవై వచ్చాయి. ఎమ్లిన్ గ్వెండ పేరు చదవగానే చప్పట్లు కొట్టడానికి ముందు జనం ఒక్క క్షణం ఆగారు, సరిగ్గా విన్నామా అన్నట్టు.

టీ బల్ల దగ్గర ప్రాస్సర్ గారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరై క్లబ్బుకి ప్రెసిడెంటు అయ్యారు. మాట్లాడితే ఇప్పటికీ ప్రార్థన సమావేశంలో మాట్లాడినట్టే ఉంటుంది. "అమ్మా గ్వెండా, నువ్వు మమ్మల్ని ఫైనల్‌కి చేర్చావు. శనివారం అందరం కలిసి వెళ్తున్నాం. అక్కడ గెలిస్తే ఇది ఏడాదంతా దేశంలో ప్రతి క్లబ్బుకీ తిరుగుతుంది. వెనక వరసలో ఇంత సరుకు దాచావనుకోలేదు."

"అవునండీ," అంది గ్వెండ. ఆమె కళ్ళు ఎమ్లిన్‌ని వెతుకుతున్నాయి.

ఎమ్లిన్ ప్రొజెక్టరు వైరు చుట్టచుడుతూ నవ్వుతున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. కౌన్సిల్ ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరయ్యాడు. వైరు చుట్టినా చుట్టలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. కిందటి నెల ఆమె ఇంటి వంటింటి గుమ్మంలో నిలబడి, పోటీకి ఒక స్లైడు తక్కువైంది, ఆ పక్షులది ఇవ్వవా అని అడిగింది ఈయనే. ఆమె నవ్వుకుంటూ ఇచ్చింది. బెతన్ చెయ్యి పోటీకి వెళ్తోందంటే బెతన్ ఎంత నవ్వేదో అని.

"మాట్లాడవేం గ్వెండా? నోరు పడిపోయిందా సంతోషంతో?" అన్నాడు ఎమ్లిన్.

"అట్ట తీసి అద్దాల్లో బిగిస్తానన్నారు మీరు."

"బిగించాగా, పేరు కూడా మంచిది పెట్టాను. దుమ్ము రవ్వ లేదు చూడు."

"పక్షులు అటు తిరిగాయేం?"

"ఓ, అదా." ఎమ్లిన్ గొంతు తగ్గించాడు. "తిరగేశాను. మన కన్ను ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కదా, నీ పక్షులేమో దానికి ఎదురొస్తున్నాయి. తిరగేస్తే చూపు సాఫీగా వాటి వెంటే పోతుంది. ఆ జడ్జికి కూడా తెలియలేదు."

"మరి చెయ్యి?"

"ఏ చెయ్యి?"

"అంచున ఉన్నది. ఎర్రకోటు చెయ్యి."

ఎమ్లిన్ వైరు చుట్టడం ఆపాడు. "చెయ్యా అది? నేను మరక అనుకున్నాను. ఎర్రది అంచున ఉంటే చూపు లాగేస్తుంది అమ్మాయ్, మిగతాదేదీ చూడనివ్వదు. అందుకని మూసేశాను."

"అది బెతన్."

పక్కనే ఎవరో కప్పులు దొంతర పెడుతున్నారు. ఎమ్లిన్ వైరుని బల్ల మీద పెట్టాడు.

"పోలేదు," అన్నాడు. "టేపు కిందే ఉంది. సన్న వెండి టేపు అతికిస్తాం, అంతే. నేను కొయ్యలేదు. తీసేస్తే మళ్ళీ వస్తుంది."

"అయితే తీసెయ్యండి. శనివారానికి ముందే."

"ఏమిటి తీసేది?" ప్రాస్సర్ గారు కప్పుతో ఇటు తిరిగారు. సంగతి విని తల అడ్డంగా ఆడించారు. "అలా కుదరదమ్మా. మార్కులు వచ్చిన స్లైడు ఎలా ఉందో అలాగే వెళ్ళాలి. ఏడాది తిరిగాక తీసుకో, ఎవరొద్దన్నారు? అప్పుడు చెయ్యే కాదు, కాలు కూడా పెట్టుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వనిది ఎమ్లిన్ ఒక్కడే.

*

మర్నాడు పొద్దున గ్వెండ భర్త ఇడ్రిస్ బ్రెడ్డు వ్యాను తోలే డ్యూటీ ముగించుకుని వచ్చి, బల్ల దగ్గర కూర్చుని మాడిన టోస్టు ఎత్తి చూశాడు.

"ఇరవైకి ఇరవై తెచ్చుకున్నావట. ఊరంతా చెప్పుకుంటున్నారు. మరి దీనికెంత వెయ్యమంటావు?"

"బెతన్ని తీసేశారు," అంది గ్వెండ, పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే.

సంగతంతా విన్నాడు. "పాపం, ఒక్క వేషం దొరికింది బెతన్‌కి, అదీ పోయింది," అన్నాడు. తర్వాత భార్య భుజాలు చూసి, లేచి, ఇంకో టోస్టు కాల్చి, వెన్న అంచుల దాకా రాసి ఆమె ముందు పెట్టాడు. ఆ ఇంట్లో వెన్న అంచుల దాకా రాయడం ఎప్పుడూ ఉండదు.

"ఏడాదేగా. తిరిగొస్తుందిగా నీ దగ్గరికి."

"నాకది రోజూ చూసుకోవాలని కాదు ఇడ్రిస్."

"మరేమిటి?"

గ్వెండ టోస్టు చేతిలోకి తీసుకుంది, కొరకలేదు. "అవి దేన్ని చూస్తున్నాయో దాన్నే తీసేసి, దేన్ని చూస్తున్నాయో అని మెచ్చుకుంటున్నారు. ఊరూరా తిప్పి అదే అనిపిస్తారు. అవి బెతన్ని చూస్తున్నాయి. దాని చేతిలో చిప్స్ ఉన్నాయి."

"ఎమ్లిన్‌కి చెప్పు ఆ మాటే."

"చెబుతాను."

గ్వెండ పనిచేసే బడి వంటింట్లో ఆ రోజు కస్టర్డ్. పెద్ద గిన్నె అడుగున గరిటె ఆడిస్తూ ఉండకపోతే అంటుకుంటుంది. బెతన్ ఉన్న రోజుల్లో ఇద్దరూ వంతులేసుకుని తిప్పేవాళ్ళు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు ట్రేలు కడిగేవాళ్ళు. ఇప్పుడు బెతన్ కొక్కేనికి కొత్తామె ఏప్రను వేలాడుతోంది. మంచి మనిషే, పని వచ్చు. కాకపోతే పనిలో ఉన్నప్పుడు మాట్లాడదు. గ్వెండ ఒక్కతే తిప్పింది. పైన మీగడలా కట్టిన పొరని గరిటెతో పక్కకి నెడుతూ, అది ముడుతలు పడి గిన్నె అంచుకి అతుక్కోవడం చూస్తూ నిలబడింది. పిల్లలు వచ్చే వేళకి కొత్తామె వచ్చి గిన్నె దించింది.

నాలుగింటికి ఏప్రను విప్పి, చేతులు రెండుసార్లు కడుక్కుని, ఎమ్లిన్ ఇంటికి నడిచింది.

*

తలుపు తీసింది ఎమ్లిన్ భార్య మొర్విద్. "రా గ్వెండా. నిన్న వచ్చినప్పటి నుంచి ఆయన అన్నం ముద్ద ముట్టలేదు. ఏం చేశావు మా ముసలాణ్ణి?" అంది నవ్వుతూనే, కానీ కోటు అందుకుంటున్నప్పుడు గ్వెండ చెయ్యి కాస్త నొక్కింది.

ఎమ్లిన్ వెనక గదిలో ఉన్నాడు. కిటికీ కింద బల్ల, తెల్లటి కాగితం పరిచి ఉంది. దాని మీద పట్టకారు, సన్నటి బ్లేడు, వెండి టేపు చుట్ట, మెత్తటి బ్రష్షు. స్లైడు మధ్యలో ఉంది. పోటీ స్లైడ్ల పెట్టెలోంచి తనే తీసేశాడన్నమాట.

"ప్రాస్సర్ గారికి చెప్పారా?" అంది గ్వెండ.

"తీశాక చెబుతాను. ముందు చెబితే తియ్యనివ్వడు." కుర్చీ చూపించాడు. "కూర్చో. అయిదు నిమిషాల పని. ఎన్నోసార్లు చేశాను."

బ్లేడు మొన ఫ్రేము సందులో పెట్టి మెల్లిగా తిప్పాడు. ప్లాస్టిక్ చట్రం రెండుగా విడింది. పైన అద్దాన్ని పట్టకారుతో ఎత్తి పక్కన పెట్టాడు. ఫిల్ము తుంపు బయటికి వచ్చింది, తపాలా బిళ్ళ కన్నా కాస్త పెద్దది. ఒక పక్కన వెండి టేపు తళుక్కుమంది. ఇంత చిన్నదాంట్లో అంత గట్టూ ఆకాశమూ ఎలా పట్టాయా అని గ్వెండకి ఎప్పుడూ ఆశ్చర్యమే.

"దీనికి రెండు ముఖాలుంటాయి," అన్నాడు ఎమ్లిన్, పని చేస్తున్నప్పుడు ఆయనకి చెప్పే అలవాటు. "ఒకటి మెరుస్తుంది, అది ఉత్త ప్లాస్టిక్. రెండోది మసక. బొమ్మంతా ఆ మసక వైపే ఉంటుంది, పాల మీద మీగడలాగా. టేపు ఎప్పుడూ మెరిసే వైపు అతికిస్తాం. ఆ వైపు పీకితే ఏమీ అవదు. అనుమానమొస్తే ఇలా—"

ఫిల్ము మూలని కింది పెదవికి ఆనించాడు. మసక వైపు అయితే తడికి కొంచెం అంటుకుంటుంది, మెరిసేదైతే అంటుకోదు. ఆనించి తీశాడు. మళ్ళీ ఆనించాడు.

అలాగే ఉండిపోయాడు, ఫిల్ము పెదవి దగ్గర పెట్టుకుని, ఎవరినో మాట్లాడొద్దని సైగ చేస్తున్నవాడిలాగా.

"ఏమైంది?" అంది గ్వెండ.

"తిరగేశాను కదా." గొంతు మామూలుగానే ఉంది. "నా చెయ్యికి అలవాటు, పైకి ఉన్న వైపు టేపు వేస్తుంది. ఎప్పుడూ మెరిసేదే పైకి ఉంటుంది. ఇది తిరగేశాక మసకది పైకి వచ్చింది."

"అంటే?"

"టేపు బొమ్మ మీదే వేశాను."

మొర్విద్ టీ, ఎండుద్రాక్ష రొట్టె ముక్కలూ పట్టుకొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, ట్రే బల్ల మీద పెట్టకుండా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఎమ్లిన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా మాట విను గ్వెండా. ఇలాగే వదిలేద్దాం. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే టేపు కింద భద్రంగా ఉంటుంది. చెడిపోదు. బెతన్ అందులో ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు."

"పీకితే వచ్చేస్తుందా?"

"చెప్పలేను. ఒక్కోసారి టేపు మాత్రమే వస్తుంది. అతికించి ఎన్నో రోజులు కాలేదు కాబట్టి... చెప్పలేను."

గ్వెండ ఆ వెండి గీతకేసి చూసింది. దాని కింద బెతన్ వేళ్ళున్నాయి. విసిరిన ముక్క ఇంకా పూర్తిగా వదలని వేళ్ళు. ఒకవేళ ఏడాదంతా ఊరూరా తిరిగి, ప్రతి గదిలో ఎవరో ఒకాయన కర్ర పుచ్చుకుని లేచి, ఏం చూస్తున్నాయో మనకి తెలియదు అని అంటూ ఉంటే, ఆ మాటకి రవ్వంత దూరంలోనే బెతన్ ఉంటుంది, మూసిన కిటికీ అవతల కూర్చున్నట్టు.

"ఆస్పత్రిలో కూడా అలాగే అన్నారు," అంది. "అక్కడే ఉంది, కళ్ళు మూసుకుని ఉందంతే, మీ మాట వినబడుతూనే ఉంటుంది అని. నాలుగు రోజులు మాట్లాడాను."

ఎమ్లిన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"తీసెయ్యండి."

ఆయన టేబుల్ లైటు దగ్గరికి లాగి, టేపు మీద నోటితో మెల్లిగా ఊదాడు, వెచ్చబడడానికి. బ్లేడు మొనతో ఒక మూల లేవదీశాడు. పట్టకారుతో ఆ మూలని పట్టుకుని, వెనక్కి మడిచి, లాగుతున్నాడో లేదో తెలియనంత నెమ్మదిగా లాగాడు. చెమట కణత మీద నుంచి కళ్ళజోడు కాడ మీదికి జారింది.

మొదట ఆకాశం వచ్చింది. బాగానే ఉంది, మిగతా ఆకాశంతో కలిసిపోయింది. తర్వాత ఎర్రదనం మొదలైంది. గ్వెండ ముందుకి వంగింది. ఎర్రకోటు మోచెయ్యి మడత, అక్కడి నీడ, ఆమెకి గుర్తున్నట్టే ఉంది.

"వస్తోంది," అంది.

"మాట్లాడకు."

ఆ తర్వాతి వెంట్రుకవాసి దగ్గర ఎరుపు ఫిల్ము మీద లేదు, టేపు మీద ఉంది. చప్పుడేమీ అవలేదు. టేపు జిగురు వైపున కాలిన పాల పొరలా ముడుతలు పడిన ఎర్రటి పెచ్చు, ఫిల్ము మీద అద్దంలా తెల్లటి చోటు.

ఎమ్లిన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కిందికి దించలేదు, పైకి ఎత్తలేదు.

"అరచెయ్యి దాకా వెళ్ళలేదు," అన్నాడు. "వేళ్ళు ఇంకా కిందే ఉన్నాయి. ఆపెయ్యనా?"

గ్వెండ తల ఊపింది. ఆయన చూడలేదని, "ఆపెయ్యండి," అంది.

పైకి లేచిన టేపుని కత్తిరించి, మిగిలినదాన్ని వేలితో ఒత్తాడు. ఫిల్ముని దీపానికి ఎదురుగా పట్టుకుంటే పక్షులన్నీ ఎప్పటిలాగే ఒక వైపుకి మెడలు సాచి ఉన్నాయి. వాటికి ఎదురుగా ఒక ఖాళీ. అందులోంచి దీపం నేరుగా కంట్లో పడుతోంది.

"జీవితంలో ఎవరి స్లైడూ పాడుచెయ్యలేదు," అన్నాడు ఎమ్లిన్. "బాగుచెయ్యాలనే..."

"తెలుసు."

"కోప్పడు గ్వెండా. నాలుగు మాటలు అను."

"అందామనే వచ్చాను. ఇప్పుడు మీ మొహం చూస్తే ఎలా అనగలను?" గ్వెండ కిటికీ గట్టు మీది టీ తీసి ఒకటి ఆయన ముందు పెట్టింది. చల్లారిపోయింది. ఇద్దరూ తాగారు.

వెళ్ళేటప్పుడు టేపు ముక్క ఇమ్మంది. ఎమ్లిన్ దాన్ని తెల్ల కాగితంలో మడిచి ఇచ్చాడు, మడతలన్నీ సమానంగా.

*

గురువారం మాంసం కొట్టు ముందు ప్రాస్సర్ గారు ఆమెని ఆపారు. ఎమ్లిన్ అంతా తన మీదే వేసుకుని చెప్పాడట, సెక్రటరీ పని కూడా వదిలేస్తానన్నాడట.

"పెద్దవాడు, ఇంతకాలం చేసినవాడు. ఇవాళ నా ఎదురుగా కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఒక్క చెయ్యి కోసం, అమ్మా. అదీ సరిగ్గా పడని చెయ్యి."

"అవునండీ," అంది గ్వెండ. "సరిగ్గా పడలేదు."

"నీకు కన్నుంది. నిజంగా ఉంది. మొన్నటిదాకా నాకు తెలియలేదు, అది నా తప్పే. కానీ ఇకనుంచైనా దీన్ని ఆటలాగా తీసుకోకు. కొంచెం అంచులు చూసుకో, నొక్కే ముందు నాలుగు మూలలూ చూసుకో. ఎంత దూరం వెళ్తావో నీకే తెలియదు."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, టోపీ తాకి వెళ్ళిపోయారు. గ్వెండ లోపలికి వెళ్ళి కాలేయం అడగబోయి సాసేజీలు అడిగింది.

శనివారం క్లబ్బువాళ్ళంతా చిన్న బస్సులో ఫైనల్‌కి వెళ్ళారు. పక్షుల స్లైడు బదులు ఎమ్లిన్ తీసిన కొంగది వెళ్ళింది. ఎమ్లిన్ మాత్రం వెళ్ళలేదు. గ్వెండకి ఇంట్లో తోచలేదు. ఇడ్రిస్ గుర్రప్పందేల వార్తలు వింటున్నాడు. కెమెరా మెడలో వేసుకుని గట్టు మీదికి వెళ్ళింది. చాలా నెలలుగా దాన్ని బయటికి తియ్యలేదు. లోపల సగం వాడిన ఫిల్ము ఉంది.

సీజను అయిపోయి కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఐస్‌క్రీము గుడిసెకి ఎవరో పసుపు రంగు వేస్తూ సగంలో వదిలేసి టీకి వెళ్ళినట్టున్నారు. నిచ్చెన ఆనించి ఉంది, రంగు డబ్బా మీద కుంచె అడ్డంగా ఉంది. తడి పసుపు మీద ఎండ పడి, కింది నీటిగుంటలో కూడా పసుపు మెరుస్తోంది. పాతదీ కొత్తదీ కలిసిన చోట రంగు వంకరగా, తొందరగా వేసినట్టు ఉంది. చూడగానే నవ్వొచ్చింది. కెమెరా ఎత్తింది.

పసుపు గోడ, నిచ్చెన, గుంట. పై మూల చూసింది. కింది మూల చూసింది. కుడి అంచున చెత్తడబ్బా మూత పడుతోంది. ఒక అడుగు ఎడమకి జరిగింది. ఇప్పుడు ఎడమ అంచులోకి ఒకామె వచ్చింది, చక్రాల సంచి లాక్కుంటూ, తలకి గళ్ళ రుమాలు, గాలికి ఎదురు వంగి, ఏదో సణుక్కుంటూ. సంచి చక్రం ఒకటి సరిగ్గా తిరగక పక్కకి లాగేస్తుంటే దాన్ని కాలితో తన్ని సర్దుతోంది.

గ్వెండ వేలు బటన్ మీదే ఉంచి, ఆమె దాటిపోవడం కోసం ఆగింది.

ఆమె అంచు దాటింది. గోడ, నిచ్చెన, గుంట, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నాలుగు మూలలూ ఖాళీ.

గ్వెండ కెమెరా దించింది. కాసేపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, వేడి గిన్నె ఎక్కడ దించాలో తెలియనట్టు. తర్వాత తిరిగి, "ఏవండీ," అని పిలిచింది.

ఆమె ఆగింది. "నీ ఫొటోకి అడ్డొచ్చానా తల్లీ? చూసుకోలేదు. ఈ దరిద్రపు చక్రంతో సరిపోయింది."

"అడ్డు రాలేదు. ఒక్కసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ ఇలాగే రాగలరా?"

"నేనా? నన్నేం చేసుకుంటావు?"

"ఊరికే. సరదాకి."

ఆమె గ్వెండని ఎగాదిగా చూసి నవ్వింది. ముందు పళ్ళలో ఒకటి లేదు. "నా పెళ్ళి తర్వాత ఫొటోకని ఎవరూ అడగలేదమ్మా," అంటూ సంచి తిప్పుకుని వెనక్కి నడిచింది. గుడిసె అవతలికి వెళ్ళి ఆగి, రుమాలు విప్పి, జుట్టు వేళ్ళతో వెనక్కి దువ్వుకుని, రుమాలు కోటు జేబులో కుక్కింది.

"ఇప్పుడు రానా?"

"రండి."

ఈసారి నిటారుగా వచ్చింది. పొట్ట లోపలికి లాక్కుని, గడ్డం పైకెత్తి, సంచి చక్రం ఎటు లాగినా దానికేసి చూడకుండా. నిచ్చెన దగ్గరికి వచ్చి, సరిగ్గా పసుపు గోడకి మధ్యలో ఆగింది. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, పెదవులు మూసి పళ్ళు కనబడకుండా నవ్వుతూ కెమెరాలోకి చూసింది.

"ఇలాగేనా?" అంది, పెదవులు కదపకుండా.

"ఇలాగే," అంది గ్వెండ, కెమెరా ఎత్తి. "అలాగే ఉండండి." నొక్కింది.